గేటు దాకా నిండు బస్సు

ఊరికి కొత్త రైలు మార్గం గీయబోయే పిల్లలకి నేను చెప్పగలిగిన మాట ఒక్కటే. నిండుగా వచ్చే బస్సును చూసి వెంటనే సంబరపడకండి. ముందు అందులోకి ఎక్కి, కూర్చున్నవాళ్ల మొహాలు చూడండి. ఈ మాట మీ పుస్తకాల్లో ఉందో లేదో నాకు తెలియదు. నేను మాత్రం సుపేలా చౌక్‌లో గొడుగు పట్టుకుని నిలబడి, మా బావ పుణ్యమా అని నేర్చుకున్నాను.

నేను రైలు మనిషిని కాను. భిలాయ్ ఉక్కు ప్లాంటు టౌన్‌షిప్ బస్సుల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. షిఫ్టు బస్సు ఏ మూల నుంచి ఏ వేళకు బయలుదేరాలి, స్కూలు బస్సు ఏ సెక్టారులో ఆగాలి, ఇవి చూసుకోవడమే నా ఉద్యోగం. ఆడమనిషికి డిపోలో ఏం పని అని మొదట్లో డ్రైవర్లు నవ్వేవారు. నా నోరు విన్నాక నవ్వడం మానేసి దీదీ అనడం మొదలుపెట్టారు. రిటైరయ్యాక ఇంట్లో అరవడానికి ఎవరూ దొరక్క నేను దిగులుగా ఉన్న రోజుల్లో నగర కార్యాలయం నుంచి ఫోన్ వచ్చింది. ఊరికి లైట్ రైలు వేయాలని ప్లాను గీస్తున్నారట, ఊరు తెలిసిన పాతవాళ్లు ఇద్దరు కావాలట. లైట్ రైలంటే మరేం లేదు, రోడ్డు మధ్యన పట్టాలు వేసి రెండు మూడు పెట్టెల చిన్న రైలును కరెంటు మీద నడపడం. ఫోన్లో కాస్త బెట్టు చేద్దామనుకున్నాను గానీ, అవతలివాళ్లు మాట పూర్తి చేయకముందే సరేనన్నాను.

ఆ ఇద్దరిలో రెండోవాడు మా బావ. నిజం బావ కాదు. ఆయన భార్యది విజయనగరం వైపు, మా అమ్మ పుట్టిన ఊరికి పక్క ఊరు. భిలాయ్‌లో అంతకంటే పెద్ద చుట్టరికం అక్కర్లేదు. ఆవిడ నాకు అక్క, ఆయన బావ, నేను మరదలిని. ఎర్రగా కాలిన ఇనప దిమ్మెను సాగదీసి రైలు పట్టాగా మార్చే మిల్లులో ఉద్యోగమంతా గడిపిన మనిషి. దేశంలో ఎక్కడ రైలు ఆగినా ప్లాట్‌ఫారం అంచున వంగి, పట్టా మీద అచ్చు మనదేనా అని చూస్తాడు. ఒకసారి అలా చూస్తూ ఉండగానే రైలు కదిలిపోయింది. అప్పటి నుంచి ఆయనతో ప్రయాణమంటే అక్కకి గుండె దడ.

"దేశమంతా పట్టాలంపినాం మరదలా. మన గుమ్మం ముందర ఒక్క పట్టా నేదు. ఇదేటి నాయం?" అన్నాడు, మొదటి మీటింగుకి వెళ్తున్నప్పుడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో రెండు పెన్నులు పెట్టుకుని వచ్చాడు. పెళ్లిచూపులకి వెళ్తున్నట్టున్నావు బావా అంటే, మా అక్క చూపులకి కూడా ఇంతలా తయారవలేదని ఒప్పుకున్నాడు.

మా మీద పెద్ద ఒక అమ్మాయి. విజయవాడ నుంచి వచ్చింది. మా మనవరాలి వయసు కాకపోయినా, మా అమ్మాయి కంటే చిన్నది. తెలివైన పిల్ల, పని రాక్షసి. ఆమెకి మా ఊళ్లో అర్థం కానిదల్లా మా భాష.

"ఆంటీ, మీరు మాట్లాడేది తెలుగా, హిందీయా?" అని అడిగింది ఒకరోజు.

"రెండూనమ్మా. కోపమొస్తే ఛత్తీస్‌గఢీ కూడా."

ఇక దారి సంగతి. లైను స్మృతి నగర్‌లో మొదలై సుపేలాకి రావాలి. అంతవరకు ఎవరికీ పేచీ లేదు. సుపేలాలో దారి రెండుగా చీలుతుంది. ఒకటి రైలు కట్ట కింద నుంచి టౌన్‌షిప్‌లోకి వెళ్లి, సెక్టార్లు దాటి ప్లాంటు మెయిన్ గేటు దగ్గర ఆగుతుంది. రెండోది పెద్ద రోడ్డు పట్టుకుని హథ్‌ఖోజ్‌లోని చిన్న ఫ్యాక్టరీల దాకా పోతుంది. మొదట ఒక్క లైనే వేస్తారు. రెండోది ఎప్పుడో, ఎవరి హయాంలోనో. గేటా, హథ్‌ఖోజా అన్నదే మేం తేల్చాల్సిన విషయం.

బావకి అందులో తేల్చడానికేమీ కనిపించలేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లన్న రకం. "ఊరు పుట్టిందే గేటు కోసం. గేటుకెళ్లని రైలు రైలేటి?" అని మ్యాపు మీద వేలు పెట్టి గేటు దాకా గీత గీసేశాడు. ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేనూ గేటుకే అన్నాను. ఉద్యోగమంతా ఆ గేటుకే బస్సులు పంపినదాన్ని, కళ్లు మూసుకున్నా నా చెయ్యి అటే పోతుంది.

ఆ అమ్మాయి మా ఇద్దరి మాటా నమ్మలేదు. అందుకే ఆమెను మెచ్చుకుంటాను. పట్టాలు వేయకముందే అదే దారిలో ఒక బస్సు నడిపి చూద్దామంది. టికెట్టు లేదు. షిఫ్టు మారే వేళలకి కొన్నాళ్లు గేటుకి, తర్వాత కొన్నాళ్లు హథ్‌ఖోజ్‌కి. ఏ స్టాపులో ఎంతమంది ఎక్కారో మనుషుల్ని పెట్టి లెక్కిస్తారు. ఏది నిండితే రైలు అటు. సిటీ బస్సుల్లోంచి ఒక్కటంటే ఒక్క బస్సును ఇచ్చారు. దాని కిటికీల మీద కూడా రాబోయే రైలు బొమ్మ అతికించేశారు. రంగులు బాగున్నాయి గానీ, లోపల ఎవరున్నారో బయటికి కనబడదు. ఈ చిన్న ముక్క గుర్తుంచుకోండి.

నాకు సుపేలా స్టాపు పడింది. స్మృతి నగర్‌లో లెక్కకి ఒక జీతగాణ్ణి పెట్టారు. "గేటు కాడ నెక్క నాకొదిలీండి" అని బావ తనే అడిగి తీసుకున్నాడు.

మొదటి రోజే బస్సు సుపేలాకి నిండుగా వచ్చింది. తలుపు దగ్గర వీపులు తప్ప ఏమీ కనబడలేదు. సుపేలాలో దిగేవాళ్లూ లేరు. రెండో రోజూ అంతే, ఆ తర్వాతా అంతే. పొద్దున షిఫ్టుకీ నిండింది, మధ్యాహ్నం షిఫ్టుకీ నిండింది. రాత్రి షిఫ్టుకి మాత్రం బస్సు ఖాళీగా పోయింది. అదేమిటని ఆ అమ్మాయి అడిగితే, రాత్రి షిఫ్టు మనుషులు బండ్ల మీద పోతారని బావ తడుముకోకుండా చెప్పాడు. ఆఫీసులో గోడ మీద మ్యాపులో గేటు లైను గీత లెక్కతో పాటు రోజుకింత లావెక్కింది. ఆ అమ్మాయి మా ఇద్దరికీ సమోసాలు తెప్పించింది. "మీరు మొదటే చెప్పారు అంకుల్" అంది. బావ సమోసా తింటూ నా కళ్లలోకి చూడలేదు. వేడిగా ఉందేమో అనుకున్నాను.

సుపేలా స్టాపులో నాకు రోజూ ఒక పిల్ల కనబడేది. చుడీదార్ మీద ఖాకీ చొక్కా, మొహానికి చుట్టిన చున్నీ, భుజాన టిఫిన్ సంచి. మొదటి రోజు హిందీలో అడిగింది, బస్సు హథ్‌ఖోజ్ పోతుందా అని. ఇంకా లేదమ్మా అని నా నోట తెలుగు వచ్చేసరికి మొహం విప్పారింది.

"మీరు తెలుగా ఆంటీజీ? మా మమ్మీ వాళ్లది శ్రీకాకుళం. నాకు తెలుగు బోలడం కొంచెం కొంచెమే వస్తాది." హథ్‌ఖోజ్‌లో ఒక చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డులో గ్రైండింగ్ మిషను మీద పని అని చెప్పింది. "ఆటోవాలా భర్తీ అయ్యేదాకా కదలడు ఆంటీ. లేట్ అయితే సూపర్‌వైజర్ గేట్ నుంచే వాపస్ పంపించేస్తాడు. ఇంకోసారి లేట్ అయితే ఇంక రావద్దని చెప్పేసినాడు. పాపా కాలు విరిగి ఇంట్లో ఉన్నారు. నా పనితోనే ఇల్లు నడుస్తాది. హథ్‌ఖోజ్ బస్సు ఎప్పుడు స్టార్ట్ చేస్తారు?"

"వచ్చేవారం" అన్నాను. మర్నాడు కూడా అదే అడిగింది, అదే చెప్పాను. తర్వాత అడగడం మానేసి, దూరం నుంచే చెయ్యెత్తి ఎప్పుడన్నట్టు సైగ చేసేది. నేను కూడా చేత్తోనే త్వరలో అనేదాన్ని. ఆ పిల్ల ఆటోలోకి దూరిపోయేది. కొన్నిసార్లు దూరే చోటుండేది కాదు. అప్పుడు రోడ్డు వైపు చూస్తూ గోళ్లు కొరుక్కునేది.

గేటు ట్రయల్ రేపటితో ముగుస్తుందనగా, ఆ అమ్మాయి ఆఫీసులో ఒక మాట చెప్పింది. హథ్‌ఖోజ్ ట్రయల్ అక్కర్లేదట. బస్సును సిటీవాళ్లు వెనక్కి అడుగుతున్నారట. "గేటు లెక్క ఇంత స్పష్టంగా ఉంటే ఇంకోటి చూడ్డం ఎందుకాంటీ? రిపోర్టు రాసేశాను. రేపు పొద్దున్న నిండు బస్సు ఫోటోలు తీసి పెట్టేస్తే అయిపోతుంది."

నాకు సుపేలా స్టాపులో పిల్ల గుర్తొచ్చింది. ఆ పిల్లకి మాటిచ్చాను కదా. కనీసం దాని బస్సుకి కూడా ఒక అవకాశం రావొద్దూ? పైగా నాలోని పాత డిపో మనిషికి ఒక అనుమానం కూడా వచ్చింది. ఏ బస్సయినా ఒకరోజు నిండుతుంది, ఇంకోరోజు సగమవుతుంది. వాన పడితే ఒక లెక్క, పెళ్లిళ్లుంటే ఒక లెక్క. రోజూ ఒక్కలాగే నిండే బస్సును నా ఉద్యోగంలో నేనెప్పుడూ చూడలేదు.

ఆ మధ్యాహ్నం షిఫ్టు బస్సు సుపేలాకి రాగానే నేనూ ఎక్కాను.

తలుపు దగ్గర నిలబడ్డ ఆయన నన్ను చూసి గబుక్కున తల తిప్పుకున్నాడు. తిప్పుకుంటే మాత్రం నేను పోల్చుకోనా? కదిలే బస్సు వెనకాల రోజూ పరిగెత్తి, రోజూ నా చేత తిట్లు తినే బ్లాస్ట్ ఫర్నేస్ మనిషి. రిటైరై చాలా కాలమైంది. ఆయన పక్కన క్రేన్ ఆపరేటరు, ఆయన కూడా రిటైరే. సీట్లలో చూద్దును కదా, బస్సు బస్సంతా రిటైరే! స్మృతి నగర్‌లో ఇళ్లు కట్టుకుని స్థిరపడ్డ పాత షిఫ్టు జనమంతా, ఒళ్లో టిఫిన్ కారియర్లు పెట్టుకుని, బడి పిల్లల్లా బుద్ధిగా కూర్చున్నారు. గుండె ఆపరేషన్ అయి, డాబా మెట్లు కూడా ఎక్కొద్దని డాక్టరు చెప్పిన ఆయన కిటికీ పక్కన ఉన్నాడు. ఒకాయన ఏకంగా హెల్మెట్ పెట్టుకున్నాడు.

"హెల్మెటెందుకు బాబూ?" అన్నాను.

"కుదుపులకమ్మా" అన్నాడు నేల చూపులు చూస్తూ.

ముందు సీటు మాత్రం ఖాళీగా ఉంది. దాని మీద ఒక గళ్ల తువ్వాలు. అది ఎవరిదో నన్ను అడగక్కర్లేదు. ఇంటికి తిరిగి వెళ్లేటప్పుడు బావ కూర్చునే సీటు అది, గుర్తుకి తువ్వాలు అక్కడే వదిలేస్తాడు.

గేటు దగ్గర అందరూ దిగారు. బావ కాగితం పట్టుకుని తలలు లెక్కపెడుతున్నాడు. ఆఖర్న నా తల వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. అసలు ఉద్యోగస్తులు మోటారుసైకిళ్ల మీద మమ్మల్ని దాటుకుంటూ గేటు లోపలికి పోతున్నారు. మావాళ్లు మాత్రం గేటుకి ఒక దణ్ణం పెట్టి, ఎదురుగా ఉన్న టీ బండి చుట్టూ చేరి టిఫిన్ కారియర్లు విప్పారు. ఒకరి పులిహోర ఒకరికి, ఒకరి ఆవకాయ ఒకరికి. మళ్లీ బస్సు వచ్చేదాకా వాళ్ల కబుర్లకి అంతులేదు. వాళ్ల మొహాల్లో అంత వెలుగు నేను చాలా కాలంగా చూడలేదు. అదే నా కోపాన్ని సగం తినేసింది.

"ఏటి బావా ఇది?"

"ఏటి? ప్యాసింజర్లు."

"వీళ్లా ప్యాసింజర్లు?"

"టిక్కట్టు నేదు, ఎవులైనా ఎక్కండని బోర్డు మీద నువ్వే కదేటి రాయించినావు? ఎక్కినారు."

"షిఫ్టులు కూడా వేసినావా వీళ్లకి?"

"ఏసినాను. పొద్దున్న కొందరు, మద్దేనం కొందరు. రాత్రి షిఫ్టుకి ఇంటికాడ ఆడోళ్లు ఒప్పుకోనేదు."

నవ్వాలో తిట్టాలో తెలియలేదు. చివరికి తిట్టాను. రేపు లైను వేశాక రోజూ వీళ్లే ఎక్కుతారా, పట్టాలు వేసేది టీ తాగడానికా అని అడిగాను. బావ తలొంచుకుని విన్నాడు. తర్వాత టీ బండి బల్ల మీద కూర్చుని, నన్నూ కూర్చోమన్నాడు.

ఇక్కడ మీకు ప్లాంటు ఆచారం ఒకటి చెప్పాలి. షిఫ్టు అయిపోయిందని సైరన్ మోగినంత మాత్రాన సీటు వదలకూడదు. తర్వాతి షిఫ్టు మనిషి వచ్చి ఎదురుగా నిలబడాలి. అతన్ని రిలీవరంటారు. మిషను ఎలా ఉంది, ఏ చోట జాగ్రత్తగా ఉండాలి అన్నీ అతనికి చెప్పి, అప్పుడు లేవాలి. రిలీవరు రాకపోతే ఇంట్లో పెళ్లయినా సరే, రెండో షిఫ్టు కూడా అక్కడే. ఈ ఊళ్లో మగవాళ్లు ఇళ్లకి ఆలస్యంగా వచ్చినప్పుడల్లా చెప్పిన నిజమూ అదే, అబద్ధమూ అదే.

"ఉజ్జోగమంతా రిలీవరు రాకండా ఒక్కనాడు సీటు దిగనేదు మరదలా" అన్నాడు బావ. "రిటైరయిన రోజు దండలేసినారు, సాలువా కప్పినారు. నాను మళ్లీ లోపలికెల్లి సీటు కాడ నిలబడ్డాను. ఎవులికైనా అప్పజెప్పాలి కదా? ఎవులూ రానేదు. కొత్త మిషనొచ్చీసింది, ఇంక ఈ సీటుకి మనిషితో పని నేదు బాబూ, ఇంటికెల్లు అన్నారు. మంచిగానే సెప్పినారు. ఆళ్ల తప్పేటీ నేదు. మరేటి సేస్తాను, దిగిపోనాను. ఇంటికాడ కూకున్నా సరే, నా డ్యూటీ ఇంకా అవనేదనే ఉంటాది నాకు. ఈ బస్సు గేటుకొచ్చి ఆగితే, పోనీలే, మళ్లీ డ్యూటీ కొచ్చినానని…"

నాకు కళ్లు చెమ్మగిల్లాయి. అప్పటికప్పుడు ఆఫీసుకి ఫోన్ చేసి ఆయన గుట్టు రట్టు చేయగలిగేదాన్నే. చేయబుద్ధి కాలేదు. ఆయన మీద నాకున్న ప్రేమ అలాంటిది. అలాగని ఆ పిల్ల సైగ కూడా కళ్ల ముందు నుంచి పోలేదు.

"రేపు పొద్దున్న గేటుకి వెళ్లకు బావా. నాతో సుపేలాలో నిలబడు. చాలు" అన్నాను.

"ఎందుకు?"

"మరదలు అడిగింది కాబట్టి."

మర్నాడు పొద్దున్నే వచ్చాడు, అదే ఇస్త్రీ చొక్కాతో. సుపేలా అప్పటికే లేచి కూర్చుంది. కూరల బళ్లు, బస్సుల హారన్లు, రాయ్‌పూర్ రాయ్‌పూర్ అని కేకలు. హథ్‌ఖోజ్ వెళ్లే ఆడవాళ్లు ఒక గుంపుగా, మగవాళ్లు ఇంకో గుంపుగా ఆటోల కోసం నిలబడి ఉన్నారు. ఆటో వస్తే చాలు, అందరూ ఒక్కసారిగా దాని మీదికి. బావ ఇదంతా కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. కొత్తేనేమో. ఆయన జీవితమంతా ఈ చౌక్‌లో గేటు వైపు తిరిగాడే గానీ, రెండో వైపు ఎన్నడూ తల తిప్పలేదు.

మా హథ్‌ఖోజ్ పిల్లకి ఆ రోజు రెండు ఆటోల్లోనూ చోటు దొరకలేదు. నన్ను చూసి దగ్గరికి వచ్చింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఇవాళ లేట్ అయిందంటే అంతే ఆంటీ అంది. నేను మాటల కోసం వెతుక్కుంటూ, ఈయన మా రైలు ప్లాను పెద్దాయన అని బావని చూపించాను.

"ఏ షిఫ్టమ్మా నీది?" అన్నాడు బావ. ఆయనకి మనిషిని పలకరించడమంటే అదే.

"షిఫ్ట్ అలాంటివేం లేవు అంకుల్‌జీ. పొద్దున్న వెళ్లాలి, వాళ్లు వదిలినప్పుడు రావాలి."

"మరి నీ రిలీవరెవులు?"

"రిలీవర్ అంటే?"

బావ చెప్పాడు. రిలీవరు వచ్చేదాకా సీటు వదలకూడదని, వస్తే అన్నీ అప్పజెప్పాలని, తన ఆఖరి రోజున ఎవరూ రాలేదని కూడా చెప్పేశాడు. నిమిషం కిందట పరిచయమైన పిల్లకి! ఆ కంగారులో కూడా ఆ పిల్ల ఆయన మాట పూర్తిగా విన్నది.

"మీ సీట్‌కి ఎవ్వరూ రాలేదా అంకుల్?" అంది ఆశ్చర్యంగా. "మా దగ్గర ఉల్టా. నేను ఒక్క రోజు టైమ్‌కి పోకపోతే నా మిషన్ దగ్గర వేరేవాళ్లు నిలబడిపోతారు. బయట లైన్ కట్టి ఉంటారు. ఇంక వాళ్లు అక్కడి నుంచి హటరు."

బావ ఆ పిల్లని, ఆటోల దగ్గర గుంపుని మార్చి మార్చి చూశాడు. అప్పుడే మా బస్సు వచ్చింది, రంగురంగుల రైలు బొమ్మతో, గేటు వైపు ముఖం పెట్టి. దాని వెనకాలే స్కూటీ మీద మా ఆఫీసు అమ్మాయి కూడా వచ్చింది, నిండు బస్సు ఫోటోలకి. ఫోను తీసి ముందుకి వచ్చి నిలబడింది.

బావ ఫుట్‌బోర్డు ఎక్కాడు.

"ఒరే, దిగండిరా అందరూ."

"ఏటి, గేటు రానేదు కదా ఇంకా?" అని లోపల్నుంచి.

"మన షిఫ్టయిపోనాది. దిగండి."

బ్లాస్ట్ ఫర్నేస్ ఆయన దిగాడు. క్రేన్ ఆయన దిగాడు. గుండె ఆపరేషన్ ఆయన్ని ఇద్దరు పట్టుకుని దింపారు. హెల్మెట్ ఆయన హెల్మెట్ చంకలో పెట్టుకుని దిగాడు. చౌక్‌లో కూరలమ్మేవాళ్లు కూడా బేరాలు ఆపి చూశారు. ఫోటో తీయబోయిన అమ్మాయి ఫోను కిందికి దించేసింది. ఒకరి వెనక ఒకరుగా దిగుతున్న ఆ తెల్ల తలల్ని చూసేసరికి ఆమెకి సంగతంతా అర్థమైపోయింది, పాపం చురుకైన పిల్ల కదా.

"అమ్మా, గేటు నెక్క తప్పు. ఈళ్లంతా నా మనుషులు. ఏటన్నా అంటే నన్నను, ఆళ్లననకు" అన్నాడు బావ చేతులు కట్టుకుని.

"అంకుల్! నేను రిపోర్టు రాసేశానండీ!" అని ఆ అమ్మాయి డివైడర్ మీద కూలబడింది. ఏడుస్తుందనుకున్నాను. ఆమె హెల్మెట్ ఆయన్ని చూసింది, టిఫిన్ కారియర్లను చూసింది, ఆపుకోలేక పకపకా నవ్వేసింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, ఆటోల కోసం తోసుకుంటున్న జనం వైపు తిరిగింది. ఎంతసేపు అలా చూసిందో. తర్వాత లేచి డ్రైవరు దగ్గరికి వెళ్లింది.

"భయ్యా, హథ్‌ఖోజ్ దారి తెలుసా?"

ఆ డ్రైవరు ఒకప్పుడు నా డిపో కుర్రాడే. నా వైపు చూశాడు. పద అన్నట్టు గొడుగు ఊపాను.

తర్వాతి సంగతులు టూకీగా చెప్పేస్తాను. హథ్‌ఖోజ్ ట్రయల్ అన్ని రోజులూ నడిచింది. ఒకరోజు కిక్కిరిసింది, ఒకరోజు తగ్గింది, నిజమైన బస్సులాగే. మొదటి లైను హథ్‌ఖోజ్‌కి అని ప్లాను మారింది. పట్టాలింకా పడలేదు. ప్లాను ఏ బల్ల మీద ఉందో, ఎన్ని చేతులు మారాలో నాకు తెలియదు. నేనున్నప్పుడు చూస్తానో లేదో కూడా తెలియదు. మీలో ఎవరో వేస్తారు. గేటు లైను సంగతి కూడా మర్చిపోకండి, కనీసం టీ వేళకైనా ఒక పెట్టె పంపండి. మావాళ్ల పులిహోర చాలా బాగుంటుంది.

నాకు మాత్రం ఇప్పటికీ కళ్ల ముందు ఉన్నది ఆ పొద్దున్నే. బస్సు హథ్‌ఖోజ్ పోతుందని తెలియగానే జనం ఎగబడ్డారు. మా పిల్ల ముందుగా ఎక్కింది గానీ, ముందు సీటు దగ్గర ఆగిపోయింది. దాని మీద గళ్ల తువ్వాలు ఉంది మరి. ఎవరి సీటోనని వెనక్కి జరగబోయింది. బావ జనాన్ని తోసుకుంటూ మళ్లీ ఫుట్‌బోర్డు ఎక్కి, ఆ తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు.

"కూకోమ్మా" అన్నాడు. "ఇదిగో, ఈ కిటికీ అద్దం జారిపోతాది, ఏళ్లు పెట్టకు. మలుపు కాడ ఎడం పక్కకి లాగుతాది, ఈ కడ్డీ పట్టుకో. బ్రేకేసినప్పుడు కాళ్లు ముందుకి తన్నిపెట్టు. అంతే. ఇంకేటీ నేదు, అంతా బాగుంది."

"సరే అంకుల్‌జీ" అని ఆ పిల్ల కూర్చుని కడ్డీ పట్టుకుంది.

బావ దిగాడు. బస్సు గేటు వైపు కాకుండా రెండో వైపు తిరిగింది. అది ట్రాఫిక్‌లో కలిసిపోయేదాకా ఆయన రోడ్డు మీద నిటారుగా నిలబడి చూశాడు. తర్వాత తువ్వాలుతో మొహం తుడుచుకుని నా వైపు తిరిగాడు.

"రిలీవరొచ్చీసింది మరదలా. పద, ఇంటికెలిపోదాం."